వయోమింగ్‌లో తొట్టి దగ్గర మాటు: బాణంతో ప్రాంగ్‌హార్న్ వేటకి మొదటిసారి వెళ్ళేవారికి

మీరు కొలరాడోలోని అరోరాలో ఉంటానని, వయోమింగ్ డ్రాలో (లాటరీలో) ప్రాంగ్‌హార్న్ ట్యాగ్, అంటే జింకలాంటి ఆ మైదానాల జంతువుని ఒకదాన్ని కొట్టే అనుమతి చీటీ, తగిలిందని, కాంపౌండ్ బో (కప్పీలున్న విల్లు) పట్టి ఏడాదిన్నర అయిందని రాశారు. మ్యాప్‌లో మూడు నీటి గుంటలు గుర్తుపెట్టుకున్నారు. బ్లైండ్ (దాక్కుని కూర్చునే గుడారం) ఎక్కడ వేయాలి, ఎన్ని రోజుల ముందు వేయాలి, ఎలాంటి బట్టలు వేసుకోవాలి, ఎంత దూరం నుంచి కొట్టొచ్చు అని అడిగారు. నేను తొమ్మిది ఆగస్టులు వయోమింగ్‌లోనో, కొలరాడో తూర్పు మైదానాల్లోనో ఏదో ఒక నీళ్ళ తొట్టి పక్కన గుడారంలో ఉడికిపోతూ గడిపాను. ఐదుసార్లు మాంసం ఇంటికొచ్చింది, నాలుగుసార్లు ఖాళీ కూలర్‌తో తిరిగొచ్చాను. ఆ నాలుగూ ఎందుకు ఖాళీ అయ్యాయో చెబితే మీకు ఎక్కువ ఉపయోగం అనుకుంటా.

హెచ్1బి వీసా మీద ఉండి వేటాడొచ్చా అని మీరు చివర్లో అడిగినదాన్ని ముందు చెప్పేస్తాను. హెచ్1బి మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు, చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉంటే దానికి మినహాయింపు ఉంది. విల్లు అసలు ఆ చట్టంలోకే రాదు. మనవాళ్ళలో చాలామంది విల్లుతో మొదలుపెట్టడానికి ఇదో కారణం. వయోమింగ్‌లో లైసెన్స్‌తో పాటు ఆర్చరీ పర్మిట్, కన్జర్వేషన్ స్టాంప్ విడిగా కొనాలి, మర్చిపోకండి. 1966 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ కావాలి. ప్రాంగ్‌హార్న్‌కి విల్లు లాగే బరువు కనీసం 40 పౌండ్లు ఉండాలి, మీది 55 అన్నారు కాబట్టి ఆ చింత లేదు. ఆర్చరీ సీజన్ చాలా ఏరియాల్లో ఆగస్టు 15న మొదలవుతుంది. ఏ ఏరియాకి ఏ తేదీయో మాత్రం ఈ ఏడాది రూల్స్ పుస్తకంలో చూసుకోండి, నా మాట మీద బండి తీయకండి.

ఇక గుంటల సంగతి. మ్యాప్‌లో కనిపించిన నీళ్ళని నమ్మకండి. ఆ శాటిలైట్ ఫొటో మే నెలలో తీసిందైతే నిండుగా నీలంగా మెరుస్తుంది, ఆగస్టుకి అదే కుంట నెర్రెలిచ్చిన బురద. నా మొదటి ఏడాది అలాగే అయింది. ఐదు గంటలు బండి నడిపి, చీకట్లో మైలున్నర బ్లైండ్ మోసుకుంటూ వెళ్ళి, తెల్లారాక చూస్తే గాలిమర రెక్కలు కట్టేసి ఉన్నాయి, తొట్టిలో చుక్క నీళ్ళు లేవు, అడుగున రెండు చచ్చిన పిచ్చుకలు. పశువుల్ని వేరే మేతకి తోలేసినప్పుడు రాంచ్ వాళ్ళు పంపు ఆపేస్తారు. అది వాళ్ళ పంపు, వాళ్ళ ఇష్టం. అందుకే జూలై చివర్లో ఒక శనివారం వెళ్ళి మూడింటినీ కళ్ళతో చూసి రండి. ఈ రోజుల్లో గాలిమరల బదులు చాలాచోట్ల సోలార్ పంపులు వచ్చాయి, పశువులు అక్కడ మేస్తూ ఉండి ప్యానెల్ పనిచేస్తుంటే తొట్టి నిండే ఉంటుంది.

వెళ్ళినప్పుడు ఏం చూడాలంటే, మొదట చుట్టుపక్కల ఇంకెన్ని నీళ్ళున్నాయో చూడండి. రెండు మూడు మైళ్ళలో అదొక్కటే అయితే అంతకంటే అదృష్టం లేదు. అరమైలు దూరంలో ఇంకో రెండు కుంటలు ఉంటే మంద ఈరోజు ఇటు, రేపు అటు వెళ్తుంది, మీరు తప్పు కుంట దగ్గర కూర్చుని పుస్తకం చదువుకుంటారు. తర్వాత బురదలో గిట్టలు చూడండి. ప్రాంగ్‌హార్న్ కాలికి వెనక చిన్న గిట్టలు ఉండవు, అక్కడ తిరిగే మ్యూల్ డీర్ అనే జింకకి ఉంటాయి. కాలు లోతుగా దిగిన మెత్తటి బురదలో కూడా వెనకాల రెండు చుక్కలు పడలేదంటే అది మీ జంతువే. ఇంకోటి, తొట్టికి వచ్చే దారిలో కంచె అడుగు తీగ. ఈ జంతువు అంత పరుగెత్తుతుంది గానీ కంచె దూకడం దానికి ఇష్టం ఉండదు, కింద నుంచి దూరిపోతుంది. తీగ ముళ్ళకి తెల్ల వెంట్రుకలు కుచ్చులుగా చిక్కుకుని, కింద నేల అరిగి గాడిలా ఉంటే అదే వాటి గుమ్మం. ఆ గుమ్మం ఎటువైపు ఉందో చూసుకుంటే బ్లైండ్ ఎటువైపు వేయాలో సగం తేలిపోతుంది.

భూమి ఎవరిదో కూడా అప్పుడే తేల్చుకోండి. మీరు చెప్పిన ఏరియా ఐ-80 దారికి దగ్గర కాబట్టి అక్కడ చదరంగం బల్ల ఉంటుంది. 1862 రైల్వే చట్టం కింద పట్టాల పక్కన ఒక చదరపు మైలు విడిచి ఒకటి రైలు కంపెనీకి ఇచ్చారు, మిగిలిన గళ్ళు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి, నూట అరవై ఏళ్ళయినా ఆ గళ్ళు అలాగే ఉన్నాయి. ప్రభుత్వ గడి నుంచి ప్రభుత్వ గడిలోకి మూల మీదుగా అడుగు వేయొచ్చా అన్న గొడవ వయోమింగ్ నుంచే మొదలై పదో సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీల్ కోర్టు దాకా వెళ్ళింది. ప్రైవేటు నేల మీద కాలు పెట్టకుండా దాటితే తప్పు కాదని 2025 మార్చిలో తీర్పు వచ్చింది. అయినా మొదటిసారి వెళ్ళేవాళ్ళు అలాంటి మూలల జోలికి పోకుండా, రోడ్డు నుంచి నేరుగా చేరగలిగే బీఎల్ఎం (ఫెడరల్ ప్రభుత్వ భూముల శాఖ) భూమిలో కూర్చోండి. ఫోన్‌లో, ఏ భూమి ఎవరిదో చూపే ఆన్‌ఎక్స్ మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, అక్కడ సిగ్నల్ దొరకదు. గేటు తెరిచి ఉంటే తెరిచే వదలండి, మూసి ఉంటే మూసి వెళ్ళండి. తొట్టి దగ్గర పశువులు ఆగిపోయి మీవైపే చూస్తూ నీళ్ళకి రాకపోతే బ్లైండ్ వెనక్కి జరపండి. వాటి నీళ్ళకి మనం అడ్డం కూర్చోకూడదు.

ఎన్ని రోజుల ముందు వేయాలన్నది అందరూ కొట్టుకునే విషయం. నా లెక్క పది రోజులు. ఈ జంతువుకి కళ్ళే ప్రాణం, చెట్టూ చేమా లేని చోట నిన్నటిదాకా లేని నల్లటి ముద్ద ఇవాళ కనిపిస్తే గుర్తుపడుతుంది. కొందరు తెల్లవారుజామున వేసి అదే రోజు కొట్టామంటారు, నిజమే, బాగా ఎండిపోయిన ఏడాది దాహం భయాన్ని మింగేస్తుంది. కానీ ఒక పోతు నా బ్లైండ్‌ని మూడు వందల గజాల నుంచి రెండు గంటలు చూసి, నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోవడం నేను చూశాను. ముందే వేస్తే గాలికి ఎగిరిపోతుందన్న భయం మీకు ఉండాలి. వయోమింగ్ గాలి గురించి డెన్వర్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. బ్లైండ్‌తో వచ్చే సన్న మేకులు పక్కన పడేసి అడుగున్నర ఇనుప ఊచలు దిగ్గొట్టండి, నాలుగు పక్కలా తాళ్ళు కట్టండి. పశువులు వచ్చి వీపు గోక్కుంటాయి కూడా, నాది ఒకటి అలాగే వంగిపోయింది. ఆ నేలలో బ్లైండ్ వదిలి ఉంచడానికి ఏ నిబంధన ఉందో స్థానిక బీఎల్ఎం ఆఫీసుకి ఒక ఫోన్ కొట్టి అడగండి. వేట అయిపోయాక మాత్రం ఒక్క తాడు ముక్క కూడా వదలకండి.

ఎంత దూరంలో వేయాలంటే, నీళ్ళు తాగే చోటికి ఇరవై గజాలు. పద్దెనిమిదైనా ఫర్వాలేదు, ముప్పై వద్దు. మీరు పెరట్లో యాభై గజాల్లో టార్గెట్ కొడుతున్నానన్నారు, సంతోషం. టార్గెట్ కదలదు. ప్రాంగ్‌హార్న్ గంటకి ఎనభై ఎనిమిది కిలోమీటర్ల దాకా పరుగెత్తే జంతువు, అల్లెతాడు శబ్దం చెవిన పడగానే ఒళ్ళు కిందికి దిగి తిరిగిపోతుంది, నలభై గజాలు దాటితే బాణం చేరేసరికి మీరు గురిపెట్టిన చోట గుండె ఉండదు. దాని ఛాతీలో మనకి కావలసిన చోటు మీ ఇంట్లో టిఫిన్ ప్లేటంత కూడా ఉండదు.

తొట్టి రకాన్ని బట్టి కోణం చూసుకోండి. అక్కడ గనుల్లో తిరిగే పెద్ద లారీల పాత టైర్లని పడుకోబెట్టి నీళ్ళ తొట్లుగా వాడతారు, ఎత్తు నడుము దాకా వస్తుంది. అవతలి పక్క నిలబడి తాగే జంతువుకి మీకు కనిపించేది వీపు, చెవులు మాత్రమే, గుండె మొత్తం టైరు వెనకాల. రెండు పక్కలా తాగే జంతువులు అడ్డంగా కనిపించేలా తొట్టికి ఒక చివర్న వేయండి. మట్టికట్ట కుంటలో ఇంకో తంటా ఉంది, గట్టు వాలుగా ఉంటే ముందు కాళ్ళు ఎడంగా పెట్టి ముందుకి వంగి తాగుతుంది, అప్పుడు భుజం కిందికి జారి లోపలి అవయవాల మీదికి వస్తుంది. ఆ భంగిమలో తొందరపడకండి, తాగి తల ఎత్తి పక్కకి తిరిగేదాకా ఆగండి. పొద్దున్న సూర్యుడు మీ వీపు వైపు ఉండాలి, లేకపోతే కిటికీలోంచి ఎండ నేరుగా మీ మొహం మీద పడి బొమ్మలాగా కనిపిస్తారు.

బట్టల గురించి: కామఫ్లాజ్ కోసం పెట్టే డబ్బు దాచుకోండి. బ్లైండ్ లోపల నల్లగా ఉంటుంది కాబట్టి నల్ల టీషర్టు, నల్ల టోపీ, మొహానికి నల్ల గుడ్డ. ఆకుల బొమ్మల చొక్కా వేసుకుని చీకటి గదిలో కూర్చుంటే మీరొక్కరే తేలి కనిపిస్తారు. వెనక కిటికీలు అన్నీ మూసేయండి. రెండు పక్కలా తెరిచి ఉంటే వెలుతురు ఆరపార వచ్చి మీ నీడ కదలడం వాటికి తెలిసిపోతుంది. ముందు కిటికీ కూడా బాణం పట్టేంత మేరకే.

ఆ కిటికీ దగ్గరే నేను రెండో ఏడాది పరువు పోగొట్టుకున్నాను. పొద్దున పదకొండున్నర, మంచి పోతు, చెవుల కంటే బాగా పొడవు కొమ్ములు, బుగ్గ మీద నల్ల మచ్చ స్పష్టంగా ఉంది (ఆడవాటికి ఆ మచ్చ ఉండదు, మీ ట్యాగ్ దేనికో చూసుకుని ఆ మచ్చ వెతకండి). పంతొమ్మిది గజాలు, పక్కకి తిరిగి నిలబడి తాగుతోంది. విల్లు మీది గురి పిన్‌లోంచి చూస్తే కిటికీ బాగా తెరిచే ఉంది, వదిలాను. ఫట్‌మని శబ్దం, బాణం టైరుకి మూడు అడుగుల ఇవతల దుమ్ములో గుచ్చుకుంది, పోతు అప్పటికే పావు మైలు అవతల. మన కన్ను, పిన్ను ఉండే గీత పైన ఉంటుంది, బాణం దానికి నాలుగైదు అంగుళాల కింద ఉంటుంది. కన్నుకి దారి ఖాళీగా కనిపించినా బాణం కిటికీ అంచుకి తగిలింది. అందుకని మీరు వెళ్ళేముందు అదే బ్లైండ్ పెరట్లో వేసి, అదే స్టూల్ మీద కూర్చుని, వేటకి వాడే అదే బ్రాడ్‌హెడ్ మొనతో కనీసం ఇరవై బాణాలు వేయండి. లాగినప్పుడు మోచెయ్యి వెనక గోడకి తగులుతోందా, స్టూల్ కిర్రుమంటోందా, విల్లు కింది చివర మోకాలికి కొడుతోందా, అన్నీ అక్కడే తెలుస్తాయి. చాలామంది ఏడాదంతా నిలబడి ప్రాక్టీస్ చేసి ఆ రోజు మాత్రం కూర్చుని వేస్తారు.

కూర్చోవడం గురించి చెప్పాలంటే, చీకట్లో వెళ్ళండి, చీకటి పడ్డాక రండి. వేట సమయం సూర్యోదయానికి అరగంట ముందు నుంచి అస్తమయం తర్వాత అరగంట దాకా. తెల్లవారుజామునే వస్తాయని జింకల లెక్కన అనుకోకండి, నాకు వచ్చినవన్నీ తొమ్మిదికీ నాలుగుకీ మధ్య ఎండలోనే వచ్చాయి. ఎండ ఎంత ముదిరితే మీకు అంత మంచిది. రాత్రి వాన పడిందంటే మాత్రం ప్రతి గుంతలోనూ నీళ్ళు నిలుస్తాయి, తొట్టికి రావలసిన అవసరం వాటికి ఉండదు, ఆ రెండు మూడు రోజులు ఇంట్లో పడుకోవడం మేలు. నా ఖాళీ కూలర్లలో రెండు వానవల్లే. మిగతా రెండింటిలో ఒకటి ఆ కట్టేసిన గాలిమర, ఇంకోటి మధ్యాహ్నం రెండింటికి విసుగొచ్చి లేచి ట్రక్కు దాకా వెళ్ళడం. తిరిగొస్తుంటే తొట్టి దగ్గర ఏడు నిలబడి ఉన్నాయి, నన్ను చూసి పిరుదుల మీది తెల్ల వెంట్రుకలు విప్పార్చి అద్దం మెరిసినట్టు మెరిపిస్తూ వెళ్ళిపోయాయి.

లోపల గుడారం పొయ్యిలా ఉంటుంది. నాలుగు లీటర్ల నీళ్ళు తక్కువ కాకుండా తీసుకెళ్ళండి. చిప్స్ ప్యాకెట్లు వద్దు, ఆ కరకర ఆ నిశ్శబ్దంలో బాంబులా వినిపిస్తుంది. నేను పులిహోర స్టీలు డబ్బాలో కాకుండా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకెళ్తా, మూత చప్పుడు రాదు. ఖాళీ సీసా ఒకటి ఉంచుకోండి, ఎందుకో చెప్పక్కర్లేదు. చీకట్లో లోపలికి దూరేముందు టార్చి వేసి నేలంతా చూడండి. పది రోజులు వేసి ఉంచిన బ్లైండ్ అంటే పాముకి నీడ, ఆ పక్కన నీళ్ళు. ప్రెయిరీ రాటిల్‌స్నేక్ ఒకటి నా స్టూల్ కింద చుట్ట చుట్టుకుని ఉండటం చూశాక ఆ టెన్షన్ ఇప్పటికీ పోలేదు.

అవి వచ్చాక ఏం జరుగుతుందంటే, దూరంగా ఆగి చూస్తాయి, రెండడుగులు వేసి మళ్ళీ ఆగుతాయి. నీళ్ళ దగ్గరికి వచ్చి తల దించి ఠక్కున ఎత్తేస్తాయి. అది తాగడం కాదు, మిమ్మల్ని పట్టుకోవడానికి చేసే నాటకం. అప్పుడు విల్లు లాగారో అయిపోయింది. రెండోసారో మూడోసారో దించి, గొంతు కదులుతూ గుటకలు వేయడం కనిపించినప్పుడు మెల్లగా లాగండి. ముందు కాలి వెనక గీత మీదుగా, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర పిన్ పెట్టండి. పూర్తిగా అడ్డంగా గానీ, కొంచెం అటు తిరిగి గానీ ఉంటేనే. మీకేసి ఎదురుగా నిలబడితే వద్దు, ఎంత దగ్గరైనా వద్దు. దాని వెనకాల ఇంకోటి లేకుండా చూసుకోండి, ఈ దూరంలో బాణం అటునుంచి ఇటు దూసుకుపోతుంది, మీకున్నది ఒక్క ట్యాగే. ఇవేవీ కుదరక అది తాగి వెళ్ళిపోతే వెళ్ళనివ్వండి. నేను అలా వదిలేసినదే ఒకటి మర్నాడు అదే టైముకి వచ్చింది.

తగిలాక లేచి పరుగెత్తకండి. అక్కడ చెట్లు లేవు కదా, బైనాక్యులర్‌తో పడేదాకా చూడొచ్చు, అదే ఈ మైదానాల సుఖం. పడిన చోటికి ఒక గుర్తు, సేజ్ పొదో రాయో, పెట్టుకోండి, నడిచి వెళ్తుంటే నేలంతా ఒకేలా కనిపిస్తుంది. అరగంట ఆగి వెళ్ళండి. బాణం పొట్టలో తగిలిందని అనుమానం వస్తే, బాణానికి పచ్చటి మరక అంటి వాసన వస్తే, గంటలకొద్దీ ఆగాలి, ఎండైనా సరే. దగ్గరికి వెళ్ళాక ట్యాగ్ మీద తేదీ వేసి, సంతకం చేసి, దానికి కట్టడం మొదటి పని, ఫొటో తర్వాత.

ఇక్కడ నుంచి గడియారం మీకు ఎదురు తిరుగుతుంది. ప్రాంగ్‌హార్న్ మాంసం నీచు వాసన అని ఎవరైనా అంటే వాళ్ళు దాన్ని ట్రక్కు వెనక తోలుతో సహా మూడు గంటలు ఎండలో ఊరేగించారని అర్థం. ముప్పై రెండు, ముప్పై నాలుగు డిగ్రీల ఎండలో వెంటనే పొట్ట తీసి, తోలు ఒలిచి, తొడలు, భుజాలు విడదీసి, గుడ్డ సంచుల్లో వేసి ఐస్ మీద పెట్టేయాలి. దాని వెంట్రుకలు లోపల బోలుగా, పెళుసుగా ఉంటాయి, కత్తి తగిలితే తెగి మాంసమంతా అంటుకుంటాయి, అందుకని తోలు లోపలి వైపు నుంచి బయటికి కోయండి. వెంట్రుకలు పట్టుకున్న చేత్తో మాంసం ముట్టుకోకండి. మగదో ఆడదో తెలిసే గుర్తు ఒకటి మాంసంతో పాటు ఉండాలి, అధికారి అడిగితే చూపాలి. రెండు పెద్ద కూలర్లు, నలభై పౌండ్ల ఐస్ పొద్దున్నే ట్రక్కులో ఉండాలి. కొట్టాక ఊళ్ళోకి వెళ్ళి కొందాం అనుకుంటే ఆ ఊరు యాభై మైళ్ళు.

రోళ్ళపాడు వైపు కృష్ణజింకల్ని చూస్తూ పెరిగాను, మన ఊళ్ళో ఇలా కుదురుతుందా అని బావమరిది ఒకడు ప్రతి ఏడూ అడుగుతాడు. కుదరదు. కృష్ణజింక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 జంతువు, కొడితే జైలే. ఇక్కడ అమెరికాలో కూడా 1900ల మొదట్లో ప్రాంగ్‌హార్న్‌లు కొన్ని వేలకి పడిపోయాయి, సీజన్లు మూసేసి, లెక్కగట్టి ట్యాగులు ఇవ్వడం మొదలయ్యాకే మళ్ళీ లక్షలకి పెరిగాయి. మీరు కొన్న విల్లు, బాణాల ధరలో ఒక ఫెడరల్ పన్ను కూడా కలిసే ఉంటుంది, 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద ఆ డబ్బు వన్యప్రాణుల పనికే వెళ్తుంది. 2022-23 చలికాలంలో పశ్చిమ వయోమింగ్‌లో మందలకి మందలే పోయాయి, ఆ తర్వాత ట్యాగులు కోసేశారు. మీకు డ్రాలో తగిలింది అలా మిగిలినవాటిలో ఒకటి.

వండటం గురించి మీరు అడగలేదు గానీ చెబుతున్నా. తొడ మాంసం గోంగూరతో కుక్కర్‌లో మేక మాంసానికి ఇచ్చే విజిల్స్ కంటే రెండు తక్కువ చాలు, కొవ్వు లేదు కాబట్టి నూనె కాస్త ఎక్కువ పోయండి. మెడ, పక్కటెముకల మీది ముక్కలు ఖీమా కొట్టించండి. వెన్ను పక్కన పొడవుగా వచ్చే రెండు కండల్ని మాత్రం మసాలాలో ముంచి కూర చేయకండి. ఉప్పు, మిరియాలు, బాగా కాలిన ఇనుప పెనం, ఒక్కో పక్క రెండు నిమిషాలు. మా ఆవిడ మొదటిసారి వద్దంటే వద్దంది, ఇప్పుడు ఆగస్టు వచ్చేసరికి పెనం తనే తీసి తోమి పెడుతుంది.